గాజువాక షేరాటో, అక్రా ట్రోట్రో: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ఘనా దేశంలోని టెమా పోర్టు గురించి ఒక చిన్న ముక్క రాశాను, నేను ఓడల మీద ఇంజిన్ రూములో పనిచేసినప్పటి జ్ఞాపకం అది. దానికి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజులు వస్తాయని అస్సలు అనుకోలేదు. మన విశాఖలో ఇంతమందికి ఆ దేశంతో ఏదో ఒక లింకు ఉందన్నమాట. కొడుకు అక్కడికి పనికెళ్తున్నవాళ్ళు, అక్కడి జీడిపిక్కలు కొనేవాళ్ళు, ఊరికే అట్లాసు తీసి చూసుకుని అడిగినవాళ్ళు, అందరూ ఉన్నారు. అందుకే ఈసారి మొత్తం పేజీ ఘనా రోడ్లకీ రైళ్ళకీ పడవలకీ వదిలేస్తున్నా.

గాజువాక నుంచి ఒక తల్లి: మా అబ్బాయికి టెమాలో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ పని వచ్చిందండి. ఇప్పటిదాకా అనకాపల్లి దాటి ఒక్కడూ వెళ్ళలేదు. అక్కడ బస్సులుంటాయా, రోడ్లు ఎలాగుంటాయి, రాత్రి డ్యూటీ అయ్యాక రూముకి ఎలా వస్తాడు? వాళ్ళ నాన్న లేరు, చెప్పే దిక్కు లేదు, మీరే చెప్పాలి.

అమ్మా, ముందు మీరు స్థిమితపడండి. టెమా అంటే అడవిలో ఊరు కాదు, 1962లో తెరిచిన పెద్ద హార్బర్ కోసమే ప్లాన్ గీసి కట్టిన ఊరు. పేటలకి కమ్యూనిటీ వన్, కమ్యూనిటీ టూ అని నంబర్లు పెట్టుకున్నారు, మన స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్‌లో సెక్టార్లున్నట్టు. మీ వాడు అడ్రస్ పట్టుకోవడానికి ఇబ్బందేం పడడు. రాజధాని అక్రాకి, టెమాకి మధ్య 19 కిలోమీటర్ల మోటర్‌వే ఉంది, స్వాతంత్ర్యం తెచ్చిన క్వామే ఎన్‌క్రుమా హయాంలో 1965లో తెరిచారు, కాంక్రీటు రోడ్డు. ఆయన ఆ రోడ్డుని అక్కడితో ఆపకుండా లోపలున్న కుమాసి అనే పెద్ద ఊరి దాకా తీసుకెళ్దామనుకున్నాడు గానీ 1966 ఫిబ్రవరిలో సైన్యం ఆయన్ని దించేసింది, రోడ్డు అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా పొద్దున్న పోర్టు లారీలు, ఆఫీసు కార్లు, కూరగాయల బండ్లు అన్నీ ఆ ఒక్క రోడ్డు మీదే పడతాయి, కాబట్టి మీ వాడికి ఎయిర్‌పోర్టుకో ఎంబసీకో పనుంటే టైము బాగా చేతిలో పెట్టుకుని బయల్దేరమనండి.

ఇక బస్సు సంగతి. మన ఆర్టీసీ సిటీ బస్సుల్లాంటివి అక్కడ తక్కువ, జనమంతా తిరిగేది ట్రోట్రోల్లో. ట్రోట్రో అంటే పాత వ్యాను, ఎక్కడో యూరప్‌లో సామాన్లు మోసి రిటైరైన బండిని తెచ్చి లోపల సీట్లు బిగిస్తారు. అక్రా చుట్టుపక్కల వాళ్ళ గా భాషలో ట్రో అంటే మూడు పెన్నీలు, ఒకప్పటి టికెట్ రేటు అది, అదే పేరైపోయింది. డ్రైవరుతో పాటు ఒక కుర్రాడుంటాడు, వాణ్ణి మేట్ అంటారు. డబ్బులు తీసుకునేదీ, తలుపు బయటికి వేలాడుతూ ఊరి పేరు అరిచేదీ వాడే. మన గాజువాక జంక్షన్లో "కాంప్లెక్స్ కాంప్లెక్స్ కాంప్లెక్స్" అని ఎలా అరుస్తారో అక్కడ "సర్క్ సర్క్ సర్క్" అంటారు, అక్రాలో ఎన్‌క్రుమా సర్కిల్ అనే జంక్షన్ అని అర్థం. దూరంగా ఉంటే అరుపు వినబడదు కదా, అందుకని చేతి సైగలు కూడా ఉన్నాయి, చూపుడువేలు గుండ్రంగా తిప్పితే సర్కిల్. రెండ్రోజుల్లో వచ్చేస్తాయి అవన్నీ. స్టాండులో ఎక్కితే మాత్రం బండి నిండే దాకా కదలదు, షేరాటో అలవాటున్న వాడికి ఇది కొత్తేం కాదులెండి.

నేను మొదటిసారి టెమాలో దిగిన రోజు ట్రోట్రో ఎక్కడానికి రోడ్డు దాటుతూ మనూళ్ళో లాగే కుడివైపు చూసి అడుగేశాను, బండ్లు ఎడమవైపు నుంచి వస్తున్నాయి. ఎవరో మేట్ కుర్రాడు చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. వాడి పేరు కూడా తెలీదు నాకు, ఇవాళ ఈ పేజీ రాస్తున్నానంటే వాడి వల్లే. అమ్మా, మీ వాడికి వంద జాగ్రత్తలు చెప్పకపోయినా ఈ ఒక్కటి చెప్పండి, అక్కడ రోడ్డుకి కుడిపక్క నడుపుతారు, దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడాలి.

రాత్రి డ్యూటీ అయ్యాక ఫ్యాక్టరీ బండి ఉంటుందేమో ఇక్కడుండగానే అడిగి కాగితం మీద రాయించుకోండి, లేకపోతే ఊబర్, బోల్ట్ లాంటి యాప్‌లు అక్రాలో, టెమాలో ఉన్నాయి. వేరే ఊళ్ళు చూడాలనిపిస్తే పగలే వెళ్ళమనండి, ఎస్టీసీ అని ప్రభుత్వ బస్సులున్నాయి, మంచివే. రాత్రిపూట హైవే ప్రయాణం వద్దు, లైట్లు లేకుండా రోడ్డు మీద ఆగిపోయిన లారీలు అక్కడ చాలా ప్రమాదాలకి మూలం, మన నేషనల్ హైవే మీద కూడా అదే కదా జరుగుతోంది. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకపోతే ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించాలి. టైము మనకంటే ఐదున్నర గంటలు వెనక, మీరు రాత్రి 9 గంటలకి ఫోన్ చేస్తే వాడికి మధ్యాహ్నం మూడున్నర, డ్యూటీలో ఉంటాడు, ఎత్తలేదని కంగారు పడకండి.

కంచరపాలెం నుంచి ఒక రిటైర్డ్ లోకో పైలట్: కేకే లైన్లో, అంటే కొత్తవలస కిరండూల్ లైన్లో, చాలా ఏళ్ళు ఐరన్ ఓర్ గూడ్స్ నడిపాను. మీరు రాసిన దాంట్లో పోర్టు ఉంది గానీ రైలు లేదు. ఘనాలో రైల్వే ఉందా లేదా, ఉంటే ఏ గేజు, ఏం లోడు?

బాబాయి గారూ, ఈ ప్రశ్న మీలాంటి వాళ్ళే అడగాలి, నాకు చాలా సంతోషమేసింది. ఉంది, మీరు నడిపిన లైనుకి అది వరసకి అక్క అవుతుంది.

అప్పట్లో ఆ దేశం పేరు గోల్డ్ కోస్ట్, బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉండేది. సముద్రం ఒడ్డున సెకొండి దగ్గర 1898లో పట్టాలు వేయడం మొదలెట్టి 1901కి టార్క్వా చేర్చారు, అక్కడ బంగారు గనులు. 1902కి ఒబువాసి, అక్కడా బంగారమే. 1903కి కుమాసి, అసాంతే రాజ్యం రాజధాని. అంతకు మూడేళ్ళ ముందే 1900లో యా అసంతెవా అనే రాజమాత బ్రిటిష్ వాళ్ళ మీద యుద్ధం చేసింది, ఆ యుద్ధం అణిచాక పట్టాలు అక్కడికి చేరాయి. మళ్ళీ లేస్తే సైన్యాన్ని గంటల్లో దింపొచ్చు కదా. ఇంకోపక్క అక్రా నుంచి కోకో తోటల మీదుగా కుమాసికి వేరే లైను, 1923కి పూర్తయింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకి అల్యూమినియం కావాలంటే బాక్సైట్ కోసం అవాసో అనే ఊరికి ఇంకో కొమ్మ వేశారు. మీరు మ్యాపు చూస్తే పట్టాలన్నీ గని నుంచి, తోట నుంచి బయల్దేరి సముద్రంలోకి దూకుతున్నట్టే ఉంటాయి. ఉత్తరాన దేశంలో సగం దాకా ఒక్క మీటరు పట్టా లేదు, ఎందుకంటే అక్కడ వాళ్ళకి కావాల్సిన సరుకు లేదు. మనుషులున్నారు, మనుషుల కోసం ఎవడూ వెయ్యలేదు.

ఇది మనకి కొత్త కథా బాబాయి గారూ? వైజాగ్ హార్బర్ ఎందుకు తవ్వారు, సెంట్రల్ ప్రావిన్సెస్, అంటే మధ్య భారతం వైపు, మాంగనీసు బయటికి పంపడానికి. దాని కోసమే రాయపూర్ లైను 1931కి కలిపారు, 1933 అక్టోబర్లో జలదుర్గ అనే ఓడ మొదటిసారి లోపలికొచ్చింది. అక్కడ టకొరాడి హార్బర్ 1928లో తెరిచారు, దాని వెనకాలా న్సుటా అనే గని మాంగనీసు ఉంది. ఐదేళ్ళ తేడాలో రెండు ఖండాల్లో ఒకే సరుకు కోసం రెండు హార్బర్లు! తర్వాత మీ కేకే లైను కూడా 1960ల్లో జపాన్‌కి బైలడిల్లా ఇనుం పంపడానికే కదా వేసింది. అయితే మన దగ్గర ఒక మేలు జరిగింది, ఆ పట్టాల మీదే పాసింజరు కూడా తిప్పారు, అరకు సంతకొచ్చే గిరిజనులూ ఎక్కారు, ఇప్పుడు అద్దాల బోగీలో టూరిస్టులూ ఎక్కుతున్నారు. మిగతా దేశమంతా అల్లుకున్న లైన్లకి అది కలిసింది. ఘనాలో అలా అల్లుకోలేదు, అదే నా బాధ.

గేజు, అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు సంగతికొస్తే పాత లైన్లన్నీ 1067 మిల్లీమీటర్లు, మీరు నడిపిన 1676 పక్కన పెడితే చిన్నపిల్లాడి బండి. ఇప్పుడు కొత్తగా వేసేవి 1435. మరి పాతవి ఎందుకు పాడయ్యాయంటే ఒక్క కారణం కాదు. లారీలు పోటీకొచ్చాయి, 1930ల్లో బ్రిటిష్ వాళ్ళు రైలుని కాపాడుకోవడానికి కోకో లారీల మీద ఆంక్షలు కూడా పెట్టారు గానీ రైతు తోట దగ్గరికి లారీ వస్తుంది, రైలు రాదు, రైతు ఎటు చూస్తాడు? తర్వాత 1970ల్లో, 80ల్లో దేశం డబ్బుల్లేక చితికిపోయింది, స్లీపర్లు కుళ్ళినా మార్చలేదు, స్పీడు తగ్గింది, స్పీడు తగ్గితే సరుకు పోయింది, సరుకు పోతే రిపేరుకి డబ్బుల్లేవు. మీకు నేను చెప్పాలా, పర్మనెంట్ వే, అంటే పట్టాలూ స్లీపర్లూ, ఒక్క పదేళ్ళు వదిలేస్తే ఏమవుతుందో. ఇప్పుడు అక్రా నుంచి కుమాసికి, అంటే దేశంలో రెండు పెద్ద ఊళ్ళ మధ్య, రైలే లేదు. మాంగనీసు కూడా పట్టాలు పక్కనుండగా లారీల్లో టకొరాడికి పోయే రోజులొచ్చాయి.

ఇంకోమాట, ఇది మీ యూనియన్ వాళ్ళకి కూడా చెప్పండి. 1961 సెప్టెంబర్లో సెకొండి టకొరాడి రైల్వే, హార్బర్ కార్మికులు పెద్ద సమ్మె చేశారు, జీతంలో నిర్బంధంగా పొదుపు కోస్తామని బడ్జెట్లో పెట్టినందుకు. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళే, వాళ్ళే స్వాతంత్ర్య పోరాటంలో ముందున్నవాళ్ళు, అయినా తమ సొంత ప్రభుత్వాన్నే నిలదీశారు. ఉక్కు కోసం ఊరంతా రోడ్డెక్కిన విశాఖవాళ్ళకి ఆ మనుషులు అర్థమవుతారు.

మద్దిలపాలెం నుంచి ఇంజినీరింగ్ స్టూడెంట్: ఘనా కూడా బ్రిటిష్ కాలనీయే కదా సార్, మరి మనలాగ ఎడమపక్క కాకుండా కుడిపక్క ఎందుకు నడుపుతారు?

మొదట్లో ఎడమపక్కే నడిపేవారు తమ్ముడూ. 1974 ఆగస్టు 4న ఒక్కరోజులో దేశం మొత్తం కుడికి మారిపోయింది. చుట్టూ ఉన్న ఐవరీ కోస్ట్, టోగో, బుర్కినా ఫాసో ఫ్రెంచి వాళ్ళ కింద ఉండేవి, అక్కడంతా కుడిపక్క, బోర్డర్ దాటిన ప్రతి లారీ పక్క మార్చాలి, ఊహించు ఎంత ప్రమాదమో. నైజీరియా 1972లోనే మారిపోయింది, సియెర్రా లియోన్ 1971లో. ఘనాలో సైనిక ప్రభుత్వం నడుస్తున్న రోజులవి, ప్రచారం కోసం ట్వీ భాషలో ఒక నినాదం ఊరూరా వినిపించారు, "కుడి, కుడి, నాలుగు" అని అర్థం, నాలుగో తారీకు అన్నమాట. చదువురాని డ్రైవరుకి కూడా తారీకు, పక్క రెండూ ఒకే ముక్కలో నోటికొచ్చేశాయి. రోడ్ సేఫ్టీ మీద ప్రాజెక్టు చేస్తుంటే ఇది తప్పకుండా పెట్టు, వంద పేజీల రూల్ బుక్కు కంటే పాటలా నోట్లో ఆడే మూడు మాటలు బాగా పనిచేశాయి. నన్ను చొక్కా పట్టుకుని లాగిన కుర్రాడికి ఆ నినాదం వాళ్ళమ్మ నేర్పి ఉంటుంది.

అక్కయ్యపాలెంలో ఉంటున్న పలాస ఆయన: మా బంధువులకి పలాసలో జీడిపప్పు యూనిట్ ఉంది. పిక్కలు ఆఫ్రికా నుంచి తెప్పిస్తారు. ఘనా సరుకు ఒక్కోసారి బాగుంటాది, ఒక్కోసారి నెమ్మెక్కి వస్తాది. కారణం దారిలో ఉందా, తోటలో ఉందా?

రెండింట్లోనూ ఉంటుందన్నా, కానీ దారి వాటా ఎక్కువ. ఘనాలో జీడి తోటలు ఎక్కువగా మధ్యలో బోనో ప్రాంతంలో ఉన్నాయి, వెంచి, టెచిమాన్, ఐవరీ కోస్ట్ బోర్డర్ మీదున్న సంపా వైపు. పిక్క కోతకొచ్చేది ఫిబ్రవరి నుంచి, సీజను చివరికొచ్చేసరికి అక్కడ వానలు మొదలవుతాయి. తోట నుంచి మట్టిరోడ్డు మీద ట్రాక్టరో, మూడు చక్రాల బండో, అక్కడి నుంచి గోనె బస్తాల్లో పెద్ద లారీ, టెమా దాకా నాలుగైదు వందల కిలోమీటర్లు. ఇందాక బాబాయి గారికి చెప్పాను కదా కుమాసి నుంచి రైలు లేదని, ఆ లేకపోవడం ఇక్కడ నీ గోనెలో నెమ్ముగా తేలుతుంది. మట్టిరోడ్డు వానకి తెగితే లారీ ఊరి బయటే టార్పాలిన్ కింద నాలుగు రోజులు ఆగిపోద్ది. తర్వాత పోర్టులో క్యూ, తర్వాత కంటైనర్లో సముద్రం మీద వారాలు. తడి పిక్క మూసిన డబ్బాలో పడితే లోపల చెమట పట్టి బూజొస్తుంది, ఎవరినంటాం.

నేను చెప్పే సలహా ఒక్కటే, సీజను మొదట్లో వచ్చే ఎండు సరుకు కొనమనండి, లోడింగ్ అప్పుడు తేమ చూపించే మీటరు రీడింగు ఫోటో అడగమనండి, అడిగితే ఇస్తారు. టెమాలో 2019లో కొత్త టెర్మినల్ తెరిచాక పెద్ద కంటైనర్ ఓడలు నేరుగా గట్టుకి వస్తున్నాయి, పోర్టు కంటే పోర్టుకి చేరే దారే ఇప్పుడు ఇబ్బంది. పలాసలో పప్పు ఒలిచే ఆడవాళ్ళ చేతులూ, వెంచిలో పిక్క ఏరే ఆడవాళ్ళ చేతులూ ఒకే సరుకుని పట్టుకుంటున్నాయి. మధ్యలో ఉన్న రోడ్డు బాగుంటే ఇద్దరికీ నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

పెదజాలరిపేట నుంచి ఒక కుర్రాడు: అక్కడ కూడా మాలాగ జాలర్లు ఉంటారా? పడవల మీద జనాన్ని తిప్పుతారా?

ఉంటారు నాయనా, చాలామంది, గా జాతివాళ్ళు, ఫాంటీ జాతివాళ్ళు. ఒకే చెట్టు దుంగ తొలిచిన పెద్ద పడవలు, ఒంటినిండా రంగులు, జెండాలు, పక్కన రాతలు. వైజాగ్‌కి హార్బర్ లేని రోజుల్లో ఓడ దూరంగా లంగరేస్తే మసూలా పడవలు అలల మీద నుంచి సరుకూ మనుషుల్నీ ఒడ్డుకి తెచ్చేవని మీ తాతల నోట వినుంటావు. అక్రాలో కూడా సరిగ్గా అంతే, అక్కడ టెమా తెరిచే దాకా, అంటే 1962 దాకా, ఆ పనే జరిగింది. అక్రా నుంచి ఓడెక్కిన కోకో బస్తా ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరు తెడ్డేసి ఓడ దగ్గరికి చేర్చిందే.

జనాన్ని తిప్పేది ఎక్కువగా సముద్రంలో కాదు, వోల్టా చెరువులో. చెరువంటే మామూలు చెరువు కాదు, 1960ల్లో అకొసొంబో దగ్గర కరెంటు కోసం డ్యామ్ కడితే వెనకాల నిలిచిన నీళ్ళు దాదాపు 8,500 చదరపు కిలోమీటర్లు, మన పాత ఉమ్మడి విశాఖ జిల్లాలో ముప్పాతిక వంతు. దాదాపు 80,000 మంది ఇళ్ళు వదిలిపోయారు. దారులు మునిగిపోయాయి కాబట్టి ఒడ్డున మిగిలిన ఊళ్ళవాళ్ళకి బడికీ సంతకీ ఆసుపత్రికీ పడవే గతి. నీళ్ళు నింపేముందు అడవిని పూర్తిగా కొట్టలేదు, ఆ చెట్ల మోళ్ళు ఇంకా నీళ్ళ కింద నిలబడే ఉన్నాయి, గాలివానలో పడవ మోడుకి తగిలి బోల్తా పడిందంటే ఎక్కువ లోడు మీదున్న వాళ్ళలో చాలామంది తేలరు. 2019లో మన కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగిన వార్త విన్న రోజు నాకు ముందు గుర్తొచ్చింది వోల్టా పడవలే.

ఇప్పుడు ఆ చెరువుకి ఒక రైలు కూడా చేరింది, మన దేశం ఇచ్చిన అప్పుతో, మన దేశపు కంపెనీ ఆఫ్కాన్స్ కట్టింది, టెమా నుంచి మ్పకాడన్ దాకా 97 కిలోమీటర్లు, వోల్టా నది మీద బ్రిడ్జితో సహా, 2024లో తెరిచారు. ట్రయల్ రన్‌లోనే పట్టాల మీద వదిలేసిన ఒక లారీని కొత్త రైలు గుద్దింది, అదృష్టం కొద్దీ ప్రాణనష్టం లేదు. టెమాలో దిగిన సరుకు రైల్లో చెరువు దాకా, అక్కడి నుంచి పెద్ద బల్లకట్టు పడవల్లో ఉత్తరాన బుయిపె దాకా, అక్కడి నుంచి లారీల్లో సముద్రమే లేని బుర్కినా ఫాసోకి పంపాలన్నది ఆలోచన. పట్టాలు ఎప్పుడూ చేరని ఆ ఉత్తరం వైపు నీళ్ళ మీద నుంచి ఒక దారి, బాబాయి గారు కూడా ఈ ముక్క చదవాలి. సరుకుతో పాటు మనుషులెక్కే మంచి లాంచీలు కూడా ఆ రేవులో పెడితే ఒడ్డు ఊళ్ళవాళ్ళు దుంగపడవల్లో యాభైమంది ఎక్కే పని తప్పుతుంది.

నువ్వు బోటు నడుపుతావని రాశావు కాబట్టి అడుగుతున్నా, టూరిస్టుల్ని ఎక్కించుకున్నప్పుడు లైఫ్ జాకెట్ చేతికిచ్చి వదిలేస్తున్నావా, బకిల్ పెట్టించి చూస్తున్నావా? వచ్చే నెలకి రాసి పంపు.